పొలిమేర దాకా పరుగు

మార్చి 2, సోమవారం

ఐదుంపావుకి బయలుదేరాను. కాలువ గట్టు, జీడితోట, పాత సత్రం వెనక దారి, మళ్లీ ఇల్లు. తొమ్మిది కిలోమీటర్లు. జీడిపూత వాసన పరిగెడుతుంటే గొంతులోకే వచ్చేస్తుంది.

ఇంటికొచ్చేసరికి అత్త పళ్లు తోముకుంటోంది. "ఎవలు తరిమినారే నిన్ను?" రోజూ ఇదే మాట. పెళ్లై తొమ్మిదేళ్లు. ఇంకో మాట దొరకలేదు ఆవిడకి.

మార్చి 4, బుధవారం

శారద గారు ఫోన్ చేశారు! విశాఖ నుంచి నలభై మంది పరుగు కోసం వస్తున్నారట. నేను గీసిచ్చిన దారే ఖాయం. పదిహేనో తేదీ, ఆదివారం. బొబ్బిలి కోట దగ్గర మొదలు... యుద్ధ స్తంభం, వీణలు చేసేవాళ్ల ఊరు, వేగావతి ఒడ్డు, జీడితోటలు, మా ఊరి వీధి, సత్రం, తిరిగి కోట. ఇరవై ఒక్క కిలోమీటర్లు. అందరికంటే ముందు పరిగెత్తి దారి చూపించాల్సింది నేను.

జనవరిలో రోడ్డు మీద కారు ఆపి "ఎంత దూరం వెళ్తావమ్మా రోజూ?" అని అడిగిన మనిషి ఆవిడ. అప్పుడు పోకిరీ బాపతేమో అనుకుని ఇంకా జోరుగా పరిగెత్తాను.

"బాగా జరిగితే నెలనెలా తీసుకొస్తాం. దారి చూపించే పని నీదే" అన్నారు. పని. వినపడనట్టు నటించి ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. సిగ్గులేదు నాకు.

ఎచ్చెర్లలో చదివే రోజుల్లో గెలిచిన కప్పులు మూడు. ఒకదాంట్లో అత్త ఆవాలు పోసుకుంది.

మార్చి 5, గురువారం

బస్సులో బొబ్బిలి వెళ్లి దారంతా మళ్లీ పరిగెత్తి చూశాను. రాజాం రోడ్డు దాటే చోట లారీలు... ఒక మనిషిని నిలబెట్టాలి. వేగావతి దగ్గర రోడ్డు మీద నూర్పిడికని మినపకట్టె పరిచేశారు, కాళ్లు జారతాయి. ఆడవాళ్లు పక్కకి వెళ్లడానికి సత్రం వెనక గోడ ఉంది. అన్నీ రాసుకున్నాను.

వీణల ఊళ్లో ఒక తాత పొద్దున్నే అరుగు మీద పనస దుంగ తొలుస్తున్నాడు. "ఏటమ్మా, బస్సు తప్పిపోనాదా?"

"లేదు తాతా, ఊరికే పరిగెడుతున్నా."

"ఊరికే పరిగెడతారేటి?" అని ఉలి ఆపి నావైపే చూస్తూ ఉండిపోయాడు. మలుపు తిరిగేదాకా వీపు మీద ఆ చూపు తెలుస్తూనే ఉంది. నవ్వొచ్చింది.

మార్చి 7, శనివారం

మా ఆయన సరే అన్నాడు. ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్నాడు. అయినా సరే అంటే సరే.

"సున్నీ ఏసుకో పైన."

చున్నీ వేసుకుంటాను. పిన్నులు పెట్టుకుంటాను. చీర కట్టుకు పరిగెత్తమన్నా పరిగెడతాను.

మార్చి 9, సోమవారం

బుజ్జి బళ్లో చెప్పేసిందట, మా అమ్మ కోట నుంచి పరిగెత్తుకుంటూ వస్తుందని. టీచరు నమ్మలేదట. ఆదివారం చూస్తుందిలే.

మార్చి 10, మంగళవారం

మధ్యాహ్నం డప్పు.

అమ్మవారి పండగ చాటింపు. ఇవాళ్టి నుంచి వచ్చే మంగళవారం దాకా ఊరికి కట్టు. ఊళ్లోవాళ్లు ఎవరూ పొలిమేర దాటకూడదు.

ఎండ చూశాను, లారీలు చూశాను, మినపకట్టె చూశాను, కుక్కలు ఎక్కడెక్కడ పడుకుంటాయో కూడా చూశాను. అమ్మవారిని మర్చిపోయాను. మూడేళ్లకోసారి వచ్చే పండగ ఇది. ఏ క్యాలెండర్లోనూ ఉండదు, పెద్దలు కూర్చుని ఏ మంగళవారం అంటే ఆ మంగళవారం. తేదీ అడగాలని ఈ ఊరి కోడలినైన నాకే తట్టకపోతే శారద గారికి ఎలా తడుతుంది? కొత్త కోడలిగా ఉన్నప్పుడైతే మర్చిపోయేదాన్ని కాదు. అప్పుడు ప్రతిదానికీ భయం ఉండేది.

తల బాదుకోవాలనిపిస్తోంది.

మార్చి 11, బుధవారం

శారద గారికి చెప్పాను. "వ్యాన్లు మాట్లాడేశామమ్మా. అందరూ పేర్లు ఇచ్చేశారు... కట్టు అంటే ఏంటి, పోలీసులు ఉంటారా?"

నవ్వాను. పోలీసులైతే బాగుండేది.

బయటివాళ్లకి కట్టు లేదు. నలభై మందీ మా వీధిలోంచి హాయిగా పరిగెత్తుకుంటూ పోవచ్చు. నా దారిలో. నేను తప్ప అందరూ.

ఒక్క సందు ఉంది. డ్యూటీ ఉన్నవాళ్లకి పూజారి వేపమండ ఇస్తాడు. అది జేబులో పెట్టుకుని వెళ్లి, దీపాలవేళకి తిరిగి వచ్చేయాలి. జూట్ మిల్లు వాళ్లు, కరెంటాయన, అందరూ అలాగే వెళ్తున్నారు. మా ఆయన పండగ కమిటీలో ఉన్నాడు. అడగమన్నాను. తొమ్మిదికల్లా వచ్చేస్తానన్నాను.

"పనికెల్లినోల్లకే ఇస్తారే. ఇది పనేటి?"

"పనే. ఆవిడే అన్నారు పని అని."

"ఆవిడంటే అయిపోతాదేటి? పరుగుకి ఎల్తాది మా ఆడది, మండ ఇయ్యండి అని అడిగితే కమిటీలో నా మొకం ఏటవుతాది? సెప్పు."

పప్పు మాడిపోయింది.

మార్చి 12, గురువారం

ఆడపడుచు రాజాం నుంచి వచ్చింది. పొద్దున వచ్చి, పులిహోర తిని, సాయంత్రం బండి మీద వెళ్లిపోయింది. ఈ ఇంట్లో పుట్టింది ఆవిడ. ఈ వీధిలో పెరిగింది. ఆవిడకి కట్టు లేదు, పెళ్లై వెళ్లిపోయింది కాబట్టి ఈ ఊరి మనిషి కాదట.

నాది పాలకొండ వైపు. నాకుంది కట్టు.

కిందటేడు మా కన్నవారి ఊళ్లో పండగకి వెళ్తే అమ్మ అంది: "నీకేటమ్మా, నువ్వు మా ఊరిదానివి కావు కదా, ఎప్పుడైనా ఎల్లొచ్చు." అప్పుడు బాధేసింది. ఇప్పుడు కోపం వస్తోంది. విడిచేటప్పుడు ఆ ఊరు విడిచేసింది. ఈ ఊరికి నేను గుర్తొచ్చేది కట్టేటప్పుడే.

మార్చి 13, శుక్రవారం

తాటితోపు నుంచి పొలిమేర రాయి దాకా. కిలోమీటరున్నర. మళ్లీ వెనక్కి. మళ్లీ. ఆరుసార్లు. ఫోన్లో మ్యాప్ చూస్తే బుజ్జి పెన్సిల్‌తో ఒకే గీత మీద బరబరా గీసినట్టుంది.

రాయి దగ్గర రోడ్డుకి అడ్డంగా వేపాకు తోరణం కట్టారు. దాని కింద నుంచి దారి కనిపిస్తూనే ఉంది. జీడితోట, వంపు, ఆ పైన ఎర్రమట్టి. ఒక్క అడుగు. ఎవరు చూస్తారు?

కిందటిసారి పండగలో పక్కింటి సరోజిని కట్టు దాటి సంతకి వెళ్లొచ్చింది. వాళ్ల పిల్లాడికి జ్వరం వచ్చింది. మూడేళ్లైనా ఊరంతా అదే చెప్పుకుంటారు. మూడో రోజుకి తగ్గిపోయింది కూడా. తగ్గింది మాత్రం ఎవరూ చెప్పరు.

చదువుకున్నాను. నమ్మను. బుజ్జి తల మీద చెయ్యి వేసి నమ్మనని అనమంటే మాత్రం... అనలేను. ఛీ.

బూట్లు అటక మీదకి విసిరేశాను. అత్త చూసింది.

మార్చి 14, శనివారం

శారద గారు మళ్లీ చేశారు. లారీల దగ్గర ఎవరినో పెట్టారట, ముందు పరిగెత్తడానికి విశాఖ అబ్బాయి ఒకడు మ్యాప్ చూసుకుంటూ వస్తాడట. "పోనీ మీ ఊళ్లో నీళ్లిచ్చే దగ్గర నువ్వు నిలబడు తల్లీ." మంచి మనిషి. మంచితనంగానే అన్నారు. మా ఆయనకైతే భలే నచ్చింది. "నీల్లిచ్చుకో. పున్నెం" అన్నాడు. గ్లాసు తీసి నెత్తిన కొట్టాలనిపించింది.

మధ్యాహ్నం అత్తా నేనూ చింతపండు గింజ తీస్తూ కూర్చున్నాం. తనంతట తనే మొదలెట్టింది.

"మాయమ్మ పోనాది ఇలాటి పండగలోనే. అదిగో, జీడితోట అవతల ఊరే కదా మాది. కబురు తెచ్చినోడు తోరణం అవతలే నిలబడి సెప్పినాడు. మీ మావని మండ అడిగి తెమ్మన్నాను. పనికెల్లినోల్లకే అన్నాడు."

"అమ్మ పోతే కూడానా అత్తా?"

"సావు పనేటి? రాయి మీద కూకున్నాను. పొగ సూసినాను. అయిపోనాది, ఇంటికొచ్చి వంట సేసినాను."

"దాటేయాల్సింది."

"నీ మొగుడు సంకలో ఉన్నాడే. ఏడాది గుంటడు."

మళ్లీ గింజ తీయడం మొదలెట్టింది. దాటమంటోందా, వద్దంటోందా? అడగలేదు. అడిగితే వద్దనే అంటుందని భయం. తొమ్మిదేళ్లలో ఆవిడ పక్కన ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదలు.

మార్చి 15, ఆదివారం

నాలుగున్నర. అలారం పెట్టలేదు, కాళ్లే లేపేశాయి. మా ఆయన పండగ పందిరి దగ్గరే పడుకున్నాడు.

గడప పక్కన బూట్లు.

అటక మీద ఉండాల్సినవి. ఎర్రమట్టి అంతా దులిపేసి ఉంది. పక్కన పీట మీద ఒక వేపమండ.

పూజారి ఇచ్చిందో, మా పెరట్లో విరిచిందో. వేపమండకి గుర్తేముంటుంది? అత్త గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయే మనిషి ఊపిరి కాదు అది. "అత్తా" అన్నాను. ఇంకాస్త గోడవైపు జరిగింది.

కోటకి అడ్డదారిలో ఏడు కిలోమీటర్లు. ఐదున్నరకి మొదలు. ఇప్పుడు బయలుదేరితే అందుకుంటాను.

ఒక బూటు వేసుకున్నాను. రెండోది వేసుకునే ముందు బుజ్జి దగ్గరికి వెళ్లి నుదురు ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. దుప్పటి ముసుగు పెట్టుకుంది కదా. దుప్పటి తీసి మళ్లీ ముట్టుకున్నాను. నా చెయ్యే చల్లగా ఉందేమో. చెయ్యి చంకలో పెట్టుకుని వెచ్చ చేసుకున్నాను.

నాలుగూ నలభై ఐదు. రెండో బూటు ఒళ్లో ఉంది. ఇంకొక్కసారి ముట్టుకుని చూసి...