సలాలా బురద

జూన్ 21, 2025, శనివారం

ఆఫీసు ముందు కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఒమన్‌లోని సలాలా, ఎడారిలో వానకాలం, ఐదు రోజుల ప్యాకేజీ. పచ్చటి కొండలు, పొగమంచు, రెయిన్‌కోట్లు వేసుకుని నవ్వే జంట. కోరుట్లలో ఈ ట్రావెల్స్‌లో తొమ్మిదేళ్లుగా టికెట్లు బుక్ చేస్తున్నాను. ఇంతవరకూ మేం గల్ఫ్‌కు పంపింది పనికి పోయేవాళ్లనే. చూడటానికి పోయేవాళ్లు ఇదే మొదలు.

కస్టమర్లకు నన్నే చెప్పమన్నాడు మా ఓనర్ రాజేశం సార్. మీ ఆయన ఆన్నే ఉంటడు గదా సృజనా, నీకు తెల్వనిదేమున్నది అన్నాడు.

నాకు తెలిసింది ఒక రూము. ఆరు మంచాలు, ఒక ఏసీ, తలుపు వెనక తువ్వాళ్లు. పదకొండేళ్లుగా వీడియో కాల్‌లో మహేందర్ వెనక నేను చూస్తున్నది అదే. (డైరీలోనే పేరు రాస్తాను. ఎదురుగా ఎప్పుడూ పిలవలేదు.)

జూన్ 24, మంగళవారం

యుద్ధం. ఇరాన్ దాడులని నిన్న గల్ఫ్ మీద విమానాలు కాసేపు ఆపేశారు. పొద్దున్నుంచి ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి, పెగడపల్లి నుంచి, అందరూ ఆడవాళ్లే. మధ్యలో నేనూ ఆయనకు చేశాను. రూముల్నే ఉన్న, రంది వడకు అన్నాడు.

టీవీలో ఒక చానెల్‌లో యుద్ధం, ఇంకో చానెల్‌లో సలాలా అందాలు. ఆయన రెండింటిలోనూ లేడు.

జూలై 6, ఆదివారం

సిరిసిల్ల వెళ్లాను, అమ్మ దగ్గరికి. గోడ మీద నాన్న ఫొటో. దుబాయ్ పోయిన కొత్తలో పంపింది. వెనక జలపాతం, పక్కన పూలు, నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల అంగీలో. మా నాన్న జలపాతం పక్కన ఉంటాడని బడిలో అందరికీ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఒకరోజు దుమ్ము తుడుస్తూ చూశాను. నీళ్ల మధ్యలో నిలువుగా ఒక మడత. నాన్న చెప్పుల కింద టైల్స్. స్టూడియో పరదా. ఎవరికీ చెప్పలేదు.

ఇరవై రెండేళ్లు చేసి వచ్చాడు. అక్కడ ఎట్లుంటుందని అడిగితే రూము గురించే చెప్పేవాడు. కింది మంచం ఎవరిది, పై మంచం ఎవరిది. చనిపోయే ముందు కూడా అవే మాటలు.

అది పరదా అని ఈరోజు అమ్మతో అనేశాను. అమ్మ బియ్యం ఏరడం ఆపలేదు. నాకెర్క లేదా బిడ్డా, మగ్గాల ఇంట్ల పుట్టినదాన్ని, బట్టను గుర్తు వట్టనా అన్నది. మీ నాయిన మనసు నొస్తదని అడగలే అన్నది.

వేములవాడ దాటేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

జూలై 7, మధ్యాహ్నం 2.10

లంచ్‌లో ఫోన్ చేసి సూటిగా అడిగాను, ఆ కొండలు ఎప్పుడన్నా చూసినవా అని.

నవ్వాడు. ఆయన పని హోటల్ లాండ్రీలో. కొండలు పచ్చగా ఉండేది మూడు నెలలు. ఆ మూడు నెలలూ సీజన్, ఒక్కరోజు సెలవివ్వరు. మిగతా ఏడాదంతా ఎండిన రాళ్లు. గుట్టకు టూరిస్టులు పోతరు, ఆళ్ల ప్యాంట్లు నా కాడికి అస్తయి, మోకాళ్ల దాక బురద, గా బురద చూసి ఆన ఎంత వడ్డదో చెప్తా అన్నాడు. గొప్పగానే చెప్పాడు.

ఆగస్టు ఆఖరుతో అక్కడి పని ముగుస్తుంది. వచ్చేస్తే మళ్లీ పోడు. కొండను వేరేవాళ్ల ప్యాంట్ల మీద మాత్రమే చూసిన మనిషిగా ఆయన్ను రానివ్వను. నాన్న విషయంలో చిన్నదాన్ని. ఇప్పుడు కాను.

జూలై 8

వచ్చే ముందు ఒక్కసారి ఆ కొండ ఎక్కి రమ్మని రాత్రి రాశాను. పిచ్చి లేసిందా నీకు అని మెసేజ్ పెట్టాడు. లేచింది.

జూలై 19, శనివారం

పది రోజులుగా వాదనే. చివరి డ్యూటీ ఆగస్టు 30. ఫ్లైట్ సెప్టెంబర్ 1. మధ్యలో ఆదివారం ఒక్కటే ఖాళీ. ఆ రోజు ఎవరైనా చేసేది ఒకటే. బజారుకు పోవడం, కార్టన్ నింపడం, తాడు బిగించి పేరు రాయడం. సబ్బులు, సెంట్లు, పాలపొడి, బాదాం. మా అత్తమ్మ కనకవ్వకు బరువైన దుప్పటి. రెండేళ్ల నుంచి అడుగుతోంది. కార్టన్ లేకుండా దిగినవాడిని ఇక్కడ ఏమంటారో నాకు తెలుసు. ఏదో చేసిండు, ఎల్లగొట్టిన్రు అంటారు.

కార్టన్ వద్దు, కొండ ఎక్కు అన్నాను. అవ్వకేం చెప్పాలె అన్నాడు. నేను చెప్పుకుంటానన్నాను. నిలవడి నిలవడి మోకాళ్లు వోయినయ్ అన్నాడు. చివరికి దొంగనవ్వు నవ్వి, కొండగట్టు గుడికి నువ్వెన్నడన్న మెట్లెక్కి పోయినవా, ఆటోల కూసోని పోతవు, ముందుగాల నువ్వెక్కి సూపెట్టు అన్నాడు.

సరే.

జూలై 27, ఆదివారం

ఎక్కాను!

జగిత్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకోటి. కొండగట్టు కింద దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. మెట్ల దారి అడిగితే ఒకతను నన్ను ఎగాదిగా చూసి, గంత తిప్పలెందుకక్కా, కూసో అన్నాడు. పొద్దున వాన పడ్డట్టుంది, కాళ్లు జారుతున్నాయి. నూరు మెట్లకే గుండె చెవుల్లో కొట్టుకుంది. మూడుచోట్ల కూలబడ్డాను. కోతి నా అరటిపండ్లు లాక్కుపోయింది, దానితో కాసేపు కొట్లాడాను, అదే గెలిచింది. చిన్నప్పటి నుంచి వస్తున్నాను గానీ ఇక్కడ ఇన్ని చెట్లున్నాయని ఈరోజే చూశాను.

పైన ఫొటో తీసి పంపాను. ముఖం కాదు, చీర అంచు. దీన్ని చూసి వాన ఎంత పడ్డదో చెప్పు అని రాశాను.

సాయంత్రం జవాబు. మంచిగనే వడ్డది, చల్లనీళ్లల్ల నానవెట్టు, వేన్నీళ్లు వొయ్యకు.

కాసేపటికి ఇంకోటి. గుట్టకు పోత తియ్.

ఆగస్టు 10, ఆదివారం

అత్తమ్మకు చెప్పాను. దుప్పటి రాదని, కార్టనే రాదని, కొడుకు ఆ రోజు కొండకు పోతాడని. గుట్టలు ఈడ లేవా అన్నది. నలుగురు అడిగితె ఏం చెప్పాలె అన్నది. గుట్ట చూసి వచ్చిండని చెప్పు అన్నాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. అన్నం మాత్రం పెడుతోంది.

ఆగస్టు 29, శుక్రవారం

ఆదివారం కూడా డ్యూటీకి రమ్మన్నారట. పనున్నది అన్నాడట. ఏం పని అంటే, గుట్టకు పోవాలె అన్నాడట. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఆగస్టు 31, ఆదివారం, ఉదయం 11.20

వీడియో కాల్ ఎత్తితే స్క్రీన్ అంతా తెలుపు. నెట్ పోయిందనుకున్నాను. తర్వాత గాలి చప్పుడు, ఆయాసం, నవ్వు. ఏం కనవడుతలేదు సృజనా, అంత మంచే, ముందటోడు గూడ కనవడుతలేడు అని అరుస్తున్నాడు. ఇత్తీన్ కొండ. కిందే టాక్సీ దిగి నడిచాడట. పదకొండేళ్లు ఆగి ఎక్కితే చూడటానికి ఏమీ లేదు. దానికి ఆయన అంత నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను మరిచిపోయాను.

ముఖం కనిపించింది. మీసం నిండా నీటి చుక్కలు. వెనక తెలుపు. ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని ఆ తెలుపంతా వెతికాను. ఎక్కడా మడత లేదు.

అత్తమ్మను పిలిచాను. చూసింది. తడుస్తున్నవు, తలకేమన్న కప్పుకో కొడుకా అన్నది.

సెప్టెంబర్ 2, మంగళవారం

వచ్చాడు. ఒక్క బ్యాగు. పక్కింటి రాజక్క వాకిట్లోనే కార్టన్ ఏదని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ ముందుకొచ్చింది. మావోడు గుట్ట చూసి అచ్చిండు అన్నది.

బ్యాగు అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక ప్యాంటు. మోకాళ్ల దాకా బురద.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఆ ప్యాంటు నానబెడదామని అత్తమ్మ బకెట్లో నీళ్లు పట్టింది. ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.