హరిత కారు, నా మణికట్టు

ఫిబ్రవరి 2, మదనపల్లె

మణికట్టు విరిగి ఐదు నెలలు. ఇరవై రెండేళ్లు బస్సు తోలిన చేయి ఇప్పుడు అన్నం కలపడానికి కూడా బద్ధకిస్తోంది. ఇరవై నాలుగున మెడికల్ టెస్ట్. ఫిట్ అని రాస్తేనే మళ్లీ స్టీరింగ్. లేకపోతే డిపోలో కుర్చీ.

మా హరిత అంగళ్లు కాలేజీ నుంచి రిమోట్ కారు తెచ్చింది. వాళ్ల క్లబ్‌ది. రిమోట్‌కు పక్కన చిన్న చక్రం ఉంది, కుడిచేత్తో తిప్పాలి. ఫిజియో కన్నా ఇదే మేలు నాయనా, తిప్పి సూడు అంది. టమాటా మండీ వెనక తారురోడ్డు మీద తిప్పాను. అనుకున్న చోట తిరిగింది. కూతురి ముందు ఏడవకూడదని ముక్కు చీదుకున్నాను.

ఫిబ్రవరి 5

హరిత కారు స్ప్రింగులు, టైర్లు ఈ మండీ రోడ్డుకు తగ్గట్టు సెట్ చేసింది. ఎనిమిది ఆకారంలో పన్నెండు సార్లు. నొప్పి లేదు. 23న కుప్పంలో పోటీకి డ్రైవర్‌గా నా పేరే రాయించిందట. పిచ్చిపిల్ల.

ఫిబ్రవరి 9, పుంగనూరు

వదిన బయ్యమ్మ ఇంటి ముందు కొత్తగా తారు వేశారు. గొప్పలు పోదామని ఒక్కడినే కారు పట్టుకెళ్లాను. చక్రం పూర్తిగా తిప్పినా మలుపులో నేరుగా పోయి పాల క్యానుకు గుద్దుకుంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. ఏమప్పా, చెయ్యి ఇంకా కుదురుకోలేదా అని వదిన మామూలుగానే అడిగింది. రేపు బస్సులో నా వెనక యాభై మంది ఉన్నప్పుడు ఇలా అయితే?

ఫిబ్రవరి 10

రిమోట్ బీరువా మీద పెట్టేశాను. డిపోలో కూర్చునే పని అడుగుతానని యమునతో చెప్పాను. ముందు టెస్టుకు పోయిరా, తర్వాత సూస్తాం అంది. నా భార్యకు తొందరంటే తెలియదు.

ఫిబ్రవరి 14

హరిత గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాను. కారు తీసుకెళ్లి కాలేజీలో శుభ్రమైన తారు మీద నడిపిందట. తన చేతికీ తిరగలేదు. సాయంత్రం నన్ను మండీ వెనక్కి లాక్కెళ్లి, చెప్పులు ఇప్పి నడువు నాయనా అంది. పాదం అతుక్కుంది. లారీల నుంచి కారిన టమాటా రసం ఎండి బంకలా పట్టేసి ఉంది. టైర్లకు ఆ పట్టంతా బంకదే. ఈడ సెట్ చేసిన కారు ఇంక యాడా తిరగదు, మనకే బుద్ధి లేదు అంది. ఇరవై ఏళ్లుగా నా చెప్పులు ఆ దారిలో అతుక్కుంటూనే ఉన్నాయి. తట్టలేదు.

చేయి కాదు. ఇంకోసారి రాసుకుంటాను. చేయి కాదు.

ఈ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 16, అంగళ్లు

కాలేజీ పార్కింగ్. ముందు వైపు మెత్తటి స్ప్రింగులు వేశాం, కొంచెం తిరిగింది. ముందు టైర్లు మెత్తవి వేశాం, ఇంకొంచెం. హరితకు తొందర, అన్నీ ఒకేసారి మార్చేద్దామంటుంది. ఒక్కో మార్పుకు ఐదు రౌండ్లు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుందని నేను. వెనక గట్టి స్ప్రింగులు వేస్తే కారు బొంగరంలా తిరిగింది. పాతవే పెట్టేశాం. ఇద్దరం బాగా పోట్లాడుకున్నాం. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 23, కుప్పం

తొమ్మిది మందిలో ఆరో స్థానం. మిగతా ఎనిమిది మందిలో ఒక్కడికీ మీసం సరిగ్గా రాలేదు. ఆఖరి మలుపు ఎడమకు, ప్రతిసారీ లోపలి గీత పట్టుకునే తిరిగాను. ఆరో స్థానానికి కూడా స్వీటు కొనిపెట్టింది నా కూతురు.

ఫిబ్రవరి 24

ఫిట్.

మార్చి 3, ఉదయం 8:40, కుప్పం బస్టాండు

మదనపల్లెలో ఐదున్నరకు తీశాను. యాభై రెండు మంది. పలమనేరు దాటాక మలుపుల్లో అద్దంలోకి చూశాను. అందరూ నిద్రపోతున్నారు.