డాబా మీద రేకులు వేయరాదు

2025 జూన్ 11, బుధవారం, ఉదయం తొమ్మిది గంటలు.

నా వయసు డెబ్బై ఎనిమిది. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తనిఖీ అధికారిగా పనిచేశాను. ఇది రాయడానికి కారణం జబ్బు కాదు. పోయిన నెల మా అబ్బాయి తన స్నేహితుడంటూ ఒకాయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన కాఫీ తాగుతూ, "ఈ రోజు ఏ వారం అమ్మా? వందలోంచి ఏడు తీస్తే ఎంత?" అని అడిగాడు. కాఫీకి వచ్చినవాళ్లెవరూ ఇలాంటివి అడగరు. వచ్చినాయన మతి చెదిరినవాళ్లను చూసే డాక్టరని అప్పుడే అర్థమైంది. నాకు మతి లేదని ఒక కాగితం పుట్టిస్తే ఇంటి పెత్తనం తనదవుతుందని, డాబా మీద రేకుల షెడ్డు వేసి తన దుకాణపు ప్లైవుడ్ దాచుకోవచ్చని మావాడి ఆలోచన. అందుకే ఈ వీలునామా.

నేను పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా ఇది నా చేత్తో రాస్తున్నాను. ఆ రోజు వందలోంచి ఏడేడు చొప్పున తీసుకుంటూ రెండు మిగిలేదాకా చెప్పాను. డాక్టరు చాలన్నా ఆపలేదు.

నా మతికి వ్యతిరేకంగా మావాడు చూపించిన సాక్ష్యం నా తొమ్మిదో నోటుపుస్తకం. రిటైరైన నాటి నుంచి రోజూ ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా డాబా మీద కూర్చుని, దిగడానికి వచ్చే విమానాలను బైనాక్యులర్‌తో చూస్తాను. ప్రతి విమానానికి తోకకు కాస్త ముందు దానికే చెందిన అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని చదివి, తేదీ, వేళ రాస్తాను. నియమం ఒక్కటే: కంటితో చదవనిది రాయకూడదు. కనపడని అక్షరానికి గీత పెట్టాలి.

ఆ నియమం నేను ఒక్కసారి తప్పాను. ఆరూ నలభైకి రోజూ వచ్చే విమానం ఒకటుంది. పొగమంచు పట్టిన ఒక ఉదయం, వచ్చేది అదేగా అని, కనపడకముందే నంబరు రాసేశాను. డాబా మీది గదిలో ఉండే మా ఆడపడుచు తడిబట్టలు ఆరేస్తూ తలెత్తి చూసి, "వదినా, చివరి అక్షరం అది కాదు," అంది. ఆమెకు దూరపుచూపు డేగచూపు. "నువ్వు బట్టల సంగతి చూసుకో," అన్నాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆరూ నలభైకి విమానం మళ్లీ వచ్చింది. మంచు లేదు. చదివాను. ఆడపడుచు మాటే నిజం; పాతది మరమ్మతుకు వెళ్లినట్టుంది, దాని బదులు వేరేది తిరుగుతోంది. తప్పును ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాను. మావాడు డాక్టరుకు చూపించింది ఆ పేజీనే. "చూడండి, రాసేదీ తనే, కొట్టేసేదీ తనే!" అన్నాడు.

డాక్టరు పేజీ అంతా చదివాడు. "తన తప్పు తనే ఒప్పుకుని సంతకం పెట్టేవాళ్లకు నా దగ్గర మందు లేదు," అన్నాడు. ఆయనే ఈ కాగితానికి రెండో సాక్షి.

ఇక పంపకాలు.

1. ఈ ఇల్లు పూర్తిగా నా స్వార్జితం. నా తదనంతరం కింది అంతస్తు, దుకాణపు గదితో సహా, నా కొడుక్కి చెందాలి. వాడు చెడ్డవాడు కాడు, తొందర మనిషి. చిన్నప్పుడు గిన్నెలో నీళ్లు మరగకముందే పదిసార్లు మూత తీసేవాడు.

2. డాబా, దాని మీది గది, మెట్లదారి మా ఆడపడుచుకు సంపూర్ణ హక్కులతో చెందాలి. ఆ గదే ఆమెకున్న ఇల్లు. షెడ్డు వేస్తే ఆమె ఎక్కడికి పోతుందని మావాడిని అడిగితే, "అత్తను ఎక్కడో ఒకచోట సర్దుదాంలే అమ్మా," అన్నాడు. ఏదో మూలకు సర్దడానికి ఆమె ప్లైవుడ్ ముక్క కాదు. నేను కాపురానికొచ్చిన ఏడాది ఈ ఆడపడుచే, "ఉద్యోగం చేసే కోడలు ఇంటికి చుట్టమే," అని పదిమందిలో అంది. ఆ మాట నేను మరిచిపోలేదు, క్షమించనూ లేదు. అయినా నేను రాసిన తప్పును నా మొహం మీదే తప్పని చెప్పిన మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ పొగమంచు నాటి నుంచి మా ఇద్దరికీ రెండు కుర్చీలు పడ్డాయి. ఆమె చదువుతుంది, నేను రాస్తాను. పోట్లాట యథాప్రకారం.

3. బైనాక్యులర్ కూడా ఆమెదే. కుడి అద్దంలో చిన్న బూజు మచ్చ ఉంది. క్రికెట్ చూస్తానని పట్టుకెళ్లి వానలో వదిలేసిన మావాడి పుణ్యం.

4. తొమ్మిది నోటుపుస్తకాలు మా మనవరాలికి. "నానమ్మా, ఫోన్‌లో చూస్తే అన్నీ వస్తాయి కదా, ఎండలో ఎందుకు?" అంటుంది. వస్తాయి తల్లీ. వేరేవాళ్లు చూసినవి వస్తాయి. ఫోన్‌లో చూసి నా పుస్తకాల్లో ఒక్క అక్షరం నింపినా, పుస్తకాలు తిరిగి డాబా మీదికే పోవాలి.

5. స్టీలు ఫ్లాస్కు, నీలం శాలువా మా కోడలికి. ఇన్నేళ్లూ ఒక్క మాట అనకుండా రోజూ ఆ ఫ్లాస్కు నింపి మెట్ల మీద పెట్టింది. డాక్టరు ఏ వారమని అడిగినప్పుడు ఆయన వెనక నిలబడి పెదాలతో చెప్పబోయింది. నాకు తెలుసులేవే పిచ్చిదానా. శాలువా అందుకే.

6. పోయిన మావారి చేతిగడియారం నా కొడుక్కి. రోజుకు ఏడు నిమిషాలు ముందుకు పోతుంది. బాగుచేయించవద్దు, ఆ మనిషీ అంతే.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వీధి చివరి దర్జీకి అప్పగిస్తున్నాను. పాతికేళ్లలో ఆయన తీసిన కొలత ఒక్కటీ తప్పలేదు. నా బంధువుల్లో ఎవరి గురించీ ఈ మాట చెప్పలేను.

సంతకం: (నా స్వహస్తం)
మొదటి సాక్షి: ఎదురింటి రిటైర్డు హెడ్‌మాస్టరుగారు
రెండో సాక్షి: పైన చెప్పిన డాక్టరుగారు

నేను పోయాక వరుసగా జరగవలసినవి:

1. డాబా తలుపు తాళంచెవి ఆ రోజే ఆడపడుచు చేతికి ఇవ్వాలి. ఏడుపులయ్యాక కాదు, ముందే.

2. నెల లోపల దర్జీగారు డాబా, గది, మెట్లదారి ఆమె పేర రాయించాలి.

3. మావాడు ఒప్పుకోకపోతే, కోర్టుకు వెళ్లేముందు ఒక ఉదయం ఆరింటికి డాబా ఎక్కి రెండు గంటలు కూర్చోవాలి. షెడ్డు కొలతలకు టేపు పట్టుకుని తప్ప వాడు ఎన్నడూ పైకి రాలేదు. అత్త పక్కన కూర్చుని, ఆమెను ఎక్కడికి పంపుతాడో ఆమెకే చెప్పాలి.

4. అంతా అయ్యాక కూడా కేసు వేస్తానంటే వేయనివ్వండి. ఎవరూ అడ్డుపడొద్దు, బతిమాలొద్దు. డాక్టరుగారు సాక్ష్యం చెబుతానని మాటిచ్చారు. గెలిచేది మా ఆడపడుచే.