లెట్రిన్ తలుపు వెనుక కాగితం

హర్షిణి బాపూ,

రేపు పొద్దున మా అవ్వకు కంటి ఆపరేషన్. మన హర్షిణిని తీసుకొని ఆదిలాబాద్ పోతున్న, నాలుగు రోజులకు వస్త. పప్పు వండిపెట్టిన. అత్తమ్మకు వేడి చేసి పెట్టు.

లెట్రిన్ రెండు రోజులకోసారి కడుగు. నువ్వు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఇరవై రోజులాయె, ఒక్కనాడు బ్రష్ ముట్టలే. అడిగితే "మంచిగనే ఉన్నది కదనే, ఊకె ఏం కడుగుతవ్?" అంటవు. నేను కడుగుతున్న కాబట్టే మంచిగున్నది సారూ. యాసిడ్ గూట్లో ఉంది, కిటికీ తెరిచి పొయ్యాలె.

ఇంకో మాట. నీ సూట్‌కేసు సర్దుతుంటే అడుగున నీ పేరున్న డ్యూటీ చార్టు దొరికింది. దుబాయ్‌లో మాల్ టాయిలెట్లు గంటకోసారి కడిగి, ప్రతిసారి సంతకం పెట్టినవు. మాకేమో ఆఫీసులో సూపర్‌వైజర్‌నని చెప్పినవు. ఫికర్ చేయకు, అత్తమ్మకు చెప్పలే, చెప్పను కూడా. ఆమెకు చదువు రాదు గనుకనే ఇదంతా చీటీలో రాస్తున్న. ఆరేండ్లు ఆ పనితోనే మమ్మల్ని సాకినవు, అందులో సిగ్గేముంది? నా కోపం అబద్ధం మీద కూడా కాదు. ఊరుగాని ఊళ్లో గంటకోసారి కడిగిన చెయ్యి, ఇంట్లో ఇరవై రోజులకు ఒక్కసారన్నా లేవలేదా?

కోమల

మరిచిపోయిన: మన లెట్రిన్ తలుపు వెనుక నేనూ నీ చార్టు లెక్కనే ఓ కాగితం అంటించిన. పై వరుసలో ఇయ్యాల్టి నా సంతకం ఉంది. కింద రెండు వరుసలు నీకు. వచ్చి చూస్త. ఈ ఇంట్లో సూపర్‌వైజర్‌ను నేనే.