అరవై దాటితే వణుకు

వాష్‌బర్న్,
సెప్టెంబరు మూడో వారం

ప్రియమైన వెండెల్,

నీ ఉత్తరం అందింది. ఓడలో కొత్త వంటవాడు రోజూ బంగాళాదుంపలు మాడుస్తున్నాడని చదివి నవ్వుకున్నాను. మా ఆసుపత్రి వంటింట్లో ఆ పని చేస్తే మా పెద్ద వంటామె లోరెట్టా గరిటె పట్టుకుని తరుముతుంది. బేఫీల్డ్ తోటల ఆపిల్ పళ్లు వచ్చేశాయి. బుట్టెడు కొని, ఉడికించి సీసాలకెత్తాను. నీ వాటా దాచి ఉంచాను.

ఇక ఒక ఫిర్యాదు. పెళ్లిరోజుకని సెలవులో వచ్చినప్పుడు నువ్వు కారుకి వేయించిన కొత్త చక్రాలు చూసి వీధంతా మెచ్చుకుంది. కానీ నువ్వు ఓడెక్కిన దగ్గర్నుంచీ హైవే మీద వేగం యాభై అయిదు మైళ్లు దాటితే చాలు, స్టీరింగ్ నా చేతుల్లో వణుకుతోంది. మొదట రోడ్డు బాగాలేదేమో అనుకున్నాను. అరవై దాటాక అద్దం కూడా ఊగిపోయి, వెనకొచ్చే లారీ రెండు లారీలుగా కనిపిస్తోంది. ఊళ్లో నెమ్మదిగా నడిపితే మాత్రం ఏమీ ఉండదు.

చక్రాలు బిగించిన టైర్ల కొట్టుకే తీసుకెళ్లాను. బ్యాలెన్స్ చేశామని, అంచులకి బరువు ముక్కలు అంటించి పంపారు. ఏమీ మారలేదు. మళ్లీ వెళ్తే, "కొత్త చక్రాలు కదమ్మా, నెమ్మదిగా అలవాటవుతాయి" అన్నాడు కౌంటరులో కుర్రాడు. "ఎవరికయ్యా అలవాటయ్యేది, చక్రాలకా, నాకా?" అని వచ్చేశాను.

నిన్న మెకానిక్ ఆర్విడ్ నీమి షెడ్డులో ఇచ్చాను. కోపం తెచ్చుకోకు. వాష్‌బర్న్‌లో కారు సంగతి తెలిసినవాడు ఇంకెవరున్నారు చెప్పు? నువ్వు పరిచయం కాకముందు అతనితో రెండేళ్లు తిరిగానన్నది ఊరందరికీ తెలిసిన పాత సంగతే.

చలి మొదలైంది, లోపల ఉన్ని చొక్కా వేసుకో.

నీ
మార్లా

*

ఓడ మీద, డెట్రాయిట్ దాటాక

ప్రియమైన మార్లా,

టపా పడవ వచ్చి మా ఓడ పక్కన చేరింది. తాడు కట్టిన బకెట్‌లో ఉత్తరాలు పైకి లాగుతుంటే నీ చేతిరాత కిందనుంచే గుర్తుపట్టాను. ఆ సంతోషం రెండో పేజీ దాకా ఉంది.

ఆ చక్రాల్లో లోపం లేదు. కొట్టువాళ్ల బొమ్మల పుస్తకం ఎన్నిసార్లు తిరగేసి ఎంచుకున్నానో నీకు తెలియదు. ఆ కారులో నువ్వు పోతుంటే జనం తిరిగి చూడాలని నా కోరిక. నీ మొగుడు ఏడాదిలో తొమ్మిది నెలలు సరకు ఓడలో సరస్సుల మీదే ఉన్నా నీకు లోటు చేయడని తెలియాలని. ఇప్పుడు ఆర్విడ్ వాటిని విప్పి, చేత్తో తిప్పి, పెదవి విరుస్తున్నాడు కాబోలు. వాడు పెదవి విరవడం నేను చూశాను. మన పెళ్లిలో కేకు తింటూ కూడా అలాగే విరిచాడు.

షెడ్డుకి ఏ బట్టలు వేసుకెళ్లావని రాసి, సిగ్గేసి కొట్టేశాను. ఆ కొట్టేసినది పైన నీకు కనిపిస్తూనే ఉంటుంది. కాగితం మార్చే ఓపిక లేదు.

ఇంకో కొట్టులో బ్యాలెన్స్ చేయించు. ఆష్‌లాండ్‌లో మంచి యంత్రం ఉందట.

నీ
వెండెల్

*

వాష్‌బర్న్,
అక్టోబరు మొదట్లో

ప్రియమైన వెండెల్,

ఆసుపత్రి వంటింటి తెల్ల కోటు వేసుకెళ్లాను, పైన టమాటా మరక. సరేనా?

ఆష్‌లాండ్‌లోనూ చేయించాను. వాళ్ల యంత్రం మీద నాలుగు చక్రాలూ సరిగ్గానే తిరిగాయి. రోడ్డెక్కితే మళ్లీ అదే వణుకు. అప్పుడు ఆర్విడ్ ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నన్నే నడపమన్నాడు. స్టీరింగ్ కొంచెం తగ్గింది, సీటు కింద ఎక్కువైంది. "అంటే ఇరుసులోనూ స్టీరింగులోనూ ఏం లేదు. వణుకు చక్రంతో పాటే తిరుగుతోంది" అన్నాడు. మన పాత చక్రాలు నువ్వు కొట్టువాళ్లకే ఇచ్చేశావు కదా, పాత సామాన్ల యార్డులో అలాంటిదే ఒకటి దొరికితే తెచ్చి పక్కపక్కన పెట్టి చూపించాడు.

పాత చక్రం మధ్య కన్నం ఇరుసు మొనకి సరిగ్గా అతుక్కుంటుంది. కొత్తదాని కన్నం పెద్దది. ఎన్నో రకాల కార్లకి పనికిరావాలని అలా చేస్తారట. మధ్యలో ఒక రింగు వేసి ఆ ఖాళీ నింపాలి. కొట్టువాళ్లు వెయ్యలేదు. "చక్రం ఇరుసు మీద కూర్చోలేదు మార్లా, నట్ల మీద వేలాడుతోంది. పైగా ఇవి పాత నట్లు. గుండ్రటి మొహం నట్లు ఏటవాలు గుంటలో ఎలా పడతాయి? ఇది వణుకుతో ఆగే జబ్బు కాదు" అన్నాడు.

రింగులూ నట్లూ డులూత్ నుంచి రావాలి. అప్పటిదాకా కారు షెడ్డులోనే. పొద్దున్నే సామాన్ల కోసం ఆష్‌లాండ్ వెళ్తూ ఆర్విడ్ నన్ను అక్కడి మా ఆసుపత్రి దగ్గర దింపుతున్నాడు. నాకు వేరే దారి లేదు. నీకు ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పడం మంచిది.

నీ
మార్లా

*

ఓడ మీద

మార్లా,

నీ ఉత్తరం కంటే ముందు నాతో పనిచేసే నార్బర్ట్‌కి వాళ్లావిడ డోరిన్ ఉత్తరం వచ్చింది. భోజనాల బల్ల దగ్గర అందరిముందూ చదివాడు: "మార్లా రోజూ పొద్దున్నే ఆర్విడ్ నీమి ట్రక్కులోంచి దిగుతోంది, నవ్వుతూ." నవ్వుతూ అన్న మాట డోరిన్ ఎందుకు రాసింది? వంటవాడు ఎంగిలి చేత్తో నా భుజం తట్టాడు. పళ్లెం అక్కడే వదిలేసి డెక్ మీదికి పోయాను.

రింగులట! చక్రం కొన్నవాడు నేను, గంటసేపు కొలిచి కన్నం పెద్దదన్నవాడు వాడు. కారు బాగుపడితే నువ్వు వాడి ట్రక్కు దిగుతావు, బాగుపడకపోతే రోజూ ఎక్కుతావు. ఇక వాడు బాగుచేస్తాడా? డులూత్ ఏమైనా చంద్రమండలంలో ఉందా, సామాను రావడానికి ఇన్నాళ్లు పట్టడానికి?

రాత్రి కాపలాలో నిలబడితే నాకు సరస్సు కనిపించడం లేదు. ఆ ట్రక్కు ముందు సీటే కనిపిస్తోంది. మధ్యలో ఎంత ఖాళీ వదిలి కూర్చుంటావు?

ఈ ఉత్తరం అందిన రోజే కారు తెచ్చుకో. వణికితే వణకనీ. నేను వేయించిన చక్రాల మీదే వెళ్లు. నేను నీకు ఏమైనా అవుతానంటే ఈ ఒక్క మాట విను.

వెండెల్

*

ఓడ మీద, నవంబరు

మార్లా,

మూడుసార్లు టపా పడవ వచ్చింది. బకెట్‌లో నాకేమీ లేదు. నార్బర్ట్‌కి వచ్చింది. ఈసారి బయటికి చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని నా మొహం తప్పించుకు తిరుగుతున్నాడు. "ఏం రాసిందిరా మీ ఆవిడ?" అని గట్టిగా అడిగితే, "నీ భార్య తనే రాస్తానందట, నన్ను చెప్పొద్దందట" అన్నాడు.

నాకర్థమైంది. వెళ్లిపోయావు కదూ. వాడింటికేనా? పోనీ, ఒక్క ముక్క రాసి పడెయ్యి. తిట్టు. ఏదో ఒకటి రాయి. ఇక్కడ గాలివానలో ఇనుప ఓడ వంగి లేస్తుంటే భయపడనివాణ్ణి, ఖాళీ బకెట్ చూసి భయపడుతున్నాను.

వెండెల్

*

వాష్‌బర్న్,
డిసెంబరు

ప్రియమైన వెండెల్,

రాత వంకరగా ఉంటే అనుమానపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టూ భుజం ఎముకా విరిగాయి, అతుక్కుంటున్నాయి.

నీ మాట విన్నాను. ఉత్తరం అందిన రోజే షెడ్డుకి వెళ్లి కారు ఇచ్చెయ్యమన్నాను. ఆర్విడ్ తాళాలు ఇవ్వలేదు. "ఒక్క వారం ఆగు. వెండెల్‌కి కోపముంటే నన్ను తిట్టమను, పడతాను. నువ్వు మాత్రం దీన్ని ఎక్కకు" అన్నాడు. "నా కారు, నా తాళాలు" అని అరిచాను. నట్లు మళ్లీ బిగించి, చెయ్యి చాచి తాళాలు ఇచ్చాడు. నా మొహం చూడలేదు.

నాలుగో రోజు పొద్దున, సరస్సు ఒడ్డు వెంబడి వెళ్తుంటే వణుకు ఉన్నట్టుండి దడదడగా మారింది. బ్రేకు మీద కాలు వేసేలోపే ముందు ఎడమ చక్రం ఊడి నాకంటే ముందు పరుగెత్తడం చూశాను. కారు రోడ్డు దిగి రెల్లులో పడింది. ఎదురుగా బడి బస్సు వస్తోంది వెండెల్. చక్రం దాని పక్కనుంచి పోయింది. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు.

డోరిన్‌ని నేనే చెప్పొద్దన్నాను. తుపాను నెలలో, దిగలేని ఓడ మీద నీకు ఆ వార్త తెలిసి ఏం చేస్తావు? నేను బాగున్నానని నా చేత్తోనే రాయాలనుకున్నాను. ఎడమచేతికి అక్షరాలు కుదరడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఆర్విడ్ గురించి నీ అనుమానం నిజమే. మొదటిసారి కారు ఇచ్చిన రోజే అడిగాడు: "ఏడాదంతా ఒంటరిగా ఉంటున్నావు, నాతో రాకూడదా?" అని. లేదన్నాను. "నాకు వెండెల్ కావాలి, అతను ఇంట్లో ఉన్నా లేకపోయినా" అన్నాను. చక్రం పక్కన కూర్చుని, "సరే, కారు ఎన్ని మైళ్ల వేగంలో వణుకుతోంది?" అని అడిగాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నీకు రాయలేదు, రాస్తే నువ్వు ఏమవుతావో తెలుసు. నువ్వు నన్ను అడగడానికి ముందే నేను జవాబు చెప్పేశాను వెండెల్. కాదన్న ఆడదాని కారు కోసం అతను యార్డంతా వెతికాడు. నువ్వు నా మొగుడివి, నన్ను ఆ కారు ఎక్కించావు. ఈ రెండూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి, ఏం చేయను?

డులూత్ నుంచి సామాను వచ్చింది. విరిగిన బోల్టులు మార్చి, రింగులు వేసి, సరైన నట్లు బిగించాడు. నీ చక్రాలే ఉంచమన్నాను. ఊడిన చక్రం అంచు గీసుకుపోయింది, అయినా అదే వేయించాను. వంగిన రేకు సాపు చేశారు. మొన్న డోరిన్ నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. డెబ్భై దాకా పోయింది, ఒక్క వణుకు లేదు.

జనవరిలో నీ ఓడ చలికాలానికి సుపీరియర్ రేవుకి చేరేసరికి కట్టు విప్పుతారు. నేనే నడుపుకుంటూ వస్తాను. ఇంటికి రాకముందు షెడ్డు దగ్గర ఆపుతాను. నువ్వు దిగి లోపలికి వెళ్లి ఆర్విడ్‌తో మాట్లాడాలి. నేను కారులోనే కూర్చుంటాను. ఎంతసేపైనా ఉండు. తిరిగొచ్చాక మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారని నేను అడగను.

దిగలేనంటే మాత్రం రేవులోనే చెప్పు, నేనొక్కదాన్నే తిరిగొస్తాను.

ఇప్పటికీ నీ
మార్లా