ధిక్కారం కిందికి రాదట

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే మైకులో చెప్పారు. పక్కింటి దేవక్క కమిటీ మీద "ధిక్కారం" చేసిందట. ఈ రోజు నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఏమీ అమ్మకూడదు, కొనకూడదు. మాట్లాడినవాళ్లకూ ఇదే శిక్ష.

ఆమె చేసిందల్లా ఇంతే. ఊళ్లో కోళ్లు అమ్మే హక్కును గ్రామాభివృద్ధి కమిటీ వేలం వేసింది. పాడుకున్నవాడే అమ్మాలి. దేవక్క తన పెరట్లో పెంచినవి తనే అమ్ముకుంది. రెండుసార్లు వద్దన్నారు. నా కోళ్లు నా ఇష్టం అంది. దానికి అంత పెద్ద మాటా!

జూన్ 4

దుబాయ్ నుంచి మా ఆయన సంపత్ ఫోన్. ఊరితోని పెట్టుకోకు నవనీతా, నీ కుట్టుడు బందైతది, పిల్లతోని జర పైలం అన్నాడు. సరే అన్నాను. ఊరందరి స్కూల్ యూనిఫాంలు నా మిషన్ మీదే ఉన్నాయి. నాకేం ధైర్యం ఉందని?

జూన్ 6, సాయంత్రం

దేవక్క పెట్ట గోడ దూకి మా పెరట్లోకి వచ్చింది. దాన్ని తరుముతూ, గట్టిగా, ఓ కోడీ, రేపు నల్లా రాదట, ఇయ్యాల్నే నీళ్లు పట్టుకో అన్నాను. గోడవతల ఆమె తన మేకతో, మంచిగ చెప్పింది కోడి, లేకుంటే పరేషాన్ అయితుంటిమి అంది.

నోరు మూసుకుని నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. మనిషికి చెప్పాల్సిన మాట కోడికి చెప్పుకునే బతుకైపోయింది.

జూన్ 9, సోమవారం

దేవక్కకు జ్వరం. ఇద్దరు ఆటోవాళ్లను అడిగిందట, ఎక్కించుకోలేదు. ఇదంతా మేకతో చెప్పింది. గొంతు అసలు బాగాలేదు. వాళ్లాయన పోయిన దగ్గర్నుంచీ ఒక్కతే ఉంటోంది. గొళ్లెం పెట్టుకుని పడిపోతే చూసేదెవరు?

జ్వరం గోలీలు సంచిలో కట్టి గోడ మీద నుంచి వేశాను. పూటకొకటి, అన్నం తిన్నాకనే అని కోడికి చెప్పాను. ఎవరైనా చూశారేమోనని వెంటనే ఇంట్లోకి పరుగెత్తాను. థూ, నా బతుకు.

జూన్ 10

చూశారు.

జూన్ 12, గురువారం

కమిటీ దగ్గరికి పిలిచారు. అధ్యక్షుడు సదానందం కుర్చీలో, మిగతావాళ్లు గద్దె మీద. నేను నిలబడే ఉన్నాను. కోడితోని ముచ్చట పెట్టుడేందమ్మా అని ఒకాయన నవ్వాడు. అందరూ నవ్వారు.

నాది కూడా ధిక్కారమేనా అని అడిగాను. నిజంగా భయపడే అడిగాను.

సదానందం చాలా ఓపికగా చెప్పాడు. తెల్వక చేస్తే పొరపాటు. చాటుంగ చేస్తే దొంగతనం. నలుగురి ముంగట, మొఖం మీద, నేను విననని చేస్తే గదే ధిక్కారం. నీది గంత పెద్దది కాదు బిడ్డా, నువ్వు భయపడ్డవ్ గదా, తప్పైందను, పో అన్నాడు.

తప్పైంది అన్నాను.

ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. ఒక్క కుట్టు పడలేదు. వదిలేశారన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. భయపడ్డవ్ గదా అన్న మాటే వినిపిస్తోంది. ఒంటి మీద తేళ్లు పాకినట్టుంది.

జూన్ 13, శుక్రవారం

అందరూ నీళ్లు పట్టుకుని వెళ్లేదాకా దేవక్క దూరంగా నిలబడి ఉంటుంది. ఇవాళ నల్లా దగ్గర, అందరి ముందూ, దేవక్కా, నీ బిందె తే అన్నాను.

నీకేమన్న పిచ్చి లేసిందానె నవనీతా, పిల్లగల్లదానివి, ఇంట్లకు నడువు అని తిట్టింది. ఇన్నాళ్లకు నా పేరు పెట్టి తిట్టింది.

మధ్యాహ్నం మైకులో నా పేరు చదివారు. రోజారాణి వచ్చి, నోరు విప్పకుండా, తన పిల్లల యూనిఫాం గుడ్డ తీసుకెళ్లిపోయింది.

దేవక్క గోడ మీది నుంచి తొంగి చూసి, ఏం కూర వండినవ్ అని అడుగుతోంది.