భోజనాల బల్ల చోట చేపల తొట్టి

లేవార్డెన్, ఆదివారం

తమ్ముడు తియేర్డ్‌కు,

ఇల్లు మారుతున్నావు కనుక నీ పసుపు రెయిన్‌బో చేపల్ని నా నీలం వాటితో కలిపేయమని రాశావు. కలపను. పక్కింటి ఖేస్కె ఇలాగే రెండు జాతుల్ని కలిపింది. పొద్దున ఎండ పడగానే మగచేప నుదుటి గీత మెరిపిస్తూ వేరే జాతి ఆడదాని చుట్టూ తిరిగింది. అది నాచులో గుడ్లు పెట్టింది. పెరిగిన పిల్లలకు తల్లి రంగూ రాలేదు, తండ్రి రంగూ రాలేదు.

"చేపలే కదా, పోనిద్దూ!" అని నవ్వేసిందామె. నాకు నవ్వు రాలేదు. నాన్న బతికినన్నాళ్లూ విడివిడిగా కాపాడి మనకిచ్చిన జాతులివి.

అందుకే భోజనాల బల్ల తీయించి, అక్కడ నీ వాటికి వేరే తొట్టి పెట్టించాను. "మరి మనమెక్కడ కూర్చుని తినాలే?" అని మా ఆయన వొబ్బె గొడవ. "నిలబడి తిను" అన్నాను.

శనివారం చేపల్ని తీసుకురా. నువ్వు మాత్రం తినేసి రా.

మీ అక్క